బస్సెక్కిన నాటకం

"మీరు డబ్బులు పంచే ఉద్యోగం చేశారటగా?" అని పెళ్ళిళ్ళలోనో పుట్టినరోజుల్లోనో నన్ను ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఆ అడగడంలో ఆశా, అనుమానమూ కలిసే ఉంటాయి. మావాడికి ఏమన్నా ఇప్పిస్తుందేమోనని ఆశ. ఇన్నాళ్ళూ తనవాళ్ళకే ఇప్పించుకుని ఉంటుందని అనుమానం. రెండూ తప్పే. నేను ఎవరికీ పైసా ఇవ్వలేదు. ఇచ్చేది కమిటీ. గదిలో కూర్చున్న ఆ కమిటీకీ, గది బయట గుండె చిక్కబట్టుకుని నిలబడ్డ రేడియోవాళ్ళకీ టీవీవాళ్ళకీ మధ్య అటూ ఇటూ తిరగడమే నా పని. తిరిగి తిరిగి మోకాళ్ళు అరిగాయి, నోరు మాత్రం అరగలేదు.

ఈ మధ్య ఇద్దరు పిల్లలు ఇదే పనిలో చేరుతూ మా ఇంటికొచ్చి, "ఏం చదవమంటారు మేడం?" అని అడిగారు. మార్గదర్శకాలు మీకు ఆఫీసువాళ్ళే ఇస్తారు, చదువుకోండి. అందులో లేనివి కొన్ని ఇక్కడ రాస్తున్నాను. నాకు వచ్చిన ప్రమోషన్ల గురించి రాయను. వచ్చింది ఒక్కటే, అది కూడా పై ఆయన మానేస్తే వచ్చింది.

నిధి అంటే ఏమిటి

2020లో, ఊరు ఊరంతా తలుపులేసుకుని కూర్చున్న రోజుల్లో, అబూధాబీలో ఒక చిన్న ఆఫీసులో చేరాను. దాని పేరు చెప్పను. చెప్పినా ఇప్పుడు దొరకదు, ఇంకో పెద్ద ఆఫీసులో కలిసిపోయింది. మార్కెట్ పట్టించుకోని రేడియో, టీవీ కార్యక్రమాలకి ప్రజల సొమ్ముతో సాయం చేయడం దాని పని. అంతకుముందు నేను విజయవాడలో రేడియోలో మాట్లాడేదాన్ని. పెళ్ళయి ఇక్కడికొచ్చాక ప్రకటనల కంపెనీల్లో పనిచేశాను. సబ్బులూ షాంపూలూ అమ్మీ అమ్మీ విసుగెత్తి ఉన్నదాన్ని కాబట్టి జీతం తక్కువైనా వెళ్ళాను.

మా బాసు మేవ్ అనే ఐరిష్ ఆవిడ. పొట్టి మనిషి, పెద్ద గొంతు. టీ మన గోదావరి జిల్లాల పెళ్ళివారికంటే ఎక్కువ తాగేది. వాళ్ళ దేశంలో ఇలాంటి నిధిలోనే చాలా ఏళ్ళు చేసి వచ్చింది. మొదటి వారమంతా వీడియో కాల్‌లో నాకు పాఠం చెప్పింది. ఐర్లాండ్‌లో టీవీ ఉన్న ప్రతి ఇల్లూ లైసెన్సు రుసుము కడుతుందట. అందులో ఒక వాటా పక్కన పెట్టి, దానితో కార్యక్రమాలు తీసేవాళ్ళకి సాయం చేస్తారట. వాళ్ళ సొంత భాషలో నాటకాలు, పల్లెల చరిత్ర, చిన్న ఊళ్ళ రేడియోలు, చదువు మధ్యలో ఆగిపోయిన పెద్దవాళ్ళకి పాఠాలు, ఇలాంటి వాటికి.

ఊరికే ఇవ్వరు. ప్రసారం చేస్తామని ఒక స్టేషన్ ముందే మాటివ్వాలి. డబ్బు కట్టకుండా అందరూ వినగలగాలి, చూడగలగాలి. జనం మెలకువగా ఉండి వినే వేళలోనే వేయాలి, అర్ధరాత్రి వేసి చేతులు దులుపుకుంటే కుదరదు. అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది. మా సాయం లేకపోయినా ఇది వచ్చేదేనా? వచ్చేదే అయితే ఇవ్వనక్కర్లేదు. ఈ షరతులే కాస్త అటూ ఇటూ మార్చి ఇక్కడా పెట్టుకున్నాం.

వాళ్ళ భాష గురించి మేవ్ ఒకసారి చెప్పిన మాట నాకు బాగా పట్టుకుంది. బళ్ళో అందరూ నేర్చుకుంటారట గానీ బజారులో మాట్లాడేవాళ్ళు కొద్దిమందేనట. "భాష ఒక్కరోజులో పోదు ఇందిరా. ముందు రేడియోలో దాని అరగంట పోతుంది. ఆ తర్వాత దానికి ఇల్లు కదిలే పనుండదు" అంది. నేను తెనాలి దాన్ని. నా భాషకి ఏం ఢోకా అనుకుంటూ పెరిగినదాన్ని. గల్ఫ్‌లో తెలుగుకున్నదీ ఆ అరగంటే అని ఆ రోజు తట్టింది.

జులైలో గుర్రాలు

మొదటి ఏళ్ళలో మంచి పాఠం నేర్పింది ఒక ఐరిష్ డైరెక్టరే. అబూధాబీ గుర్రపుశాలల్లో పనిచేసే ఐరిష్ పశువైద్యుల మీద టీవీ డాక్యుమెంటరీ. సగం సొమ్ము వాళ్ళ దేశపు నిధి నుంచి, కొంత మా నుంచి, మిగతాది ఇక్కడి భాగస్వామి కంపెనీ నుంచి. ప్రణాళిక చాలా అందంగా రాశాడు. ఇసుకలో గుర్రాల పరుగులు, ఆరుబయట వైద్యం, అంతా జులైలో.

జులై ఎందుకంటే వాళ్ళ ఊళ్ళో షూటింగులన్నీ జులైలోనేనట. వెలుతురు రాత్రిదాకా ఉంటుందట. పాపం, ఇక్కడా వెలుతురుకి లోటేం లేదు. దిగిన మొదటి రోజే కెమెరా వేడెక్కి ఆగిపోయింది. వేసవి మధ్యాహ్నాలు బయట పని చేయించకూడదని నియమం. ఇక గుర్రాలంటారా, అవి ఏసీ శాలల్లో మనకంటే హాయిగా ఉన్నాయి, కాలు బయట పెట్టనన్నాయి.

భాగస్వామి కంపెనీవాళ్ళు ఒక ఉపాయం చెప్పారు. లోపలే తీసేద్దాం, మధ్యలో పాత ఎడారి దృశ్యాలు అతికిద్దాం, నిధులవాళ్ళకి తెలియదు అన్నారు. డైరెక్టర్ వినలేదు. మర్నాడే రెండు దేశాల ఆఫీసులకీ ఫోన్ చేసి, నాకు ఈ దేశం ఎండ తెలియదు, డిసెంబరుకి మార్చండి అన్నాడు. రెండు ఆఫీసులూ ఒప్పుకున్నాయి. అంతే, గొడవ లేదు. అప్పుడు మేవ్ నాతో అంది, "మార్పు ముందు చెబితే అది మార్పు. తర్వాత దొరికితే అది మోసం." పిల్లలూ, మీరు గోడకి రాసుకోవలసింది ఏమన్నా ఉంటే ఇదే. నాకు ఇది అక్కరకొచ్చింది గుర్రాల దగ్గర కాదు, స్వరూప దగ్గర.

స్వరూప

2021లో వచ్చిన దరఖాస్తుల్లో ఒకటి ఇంగ్లీషులో తప్పులతో, మధ్యమధ్య హిందీతో ఉంది. కమిటీ దాకా పోకుండానే పక్కన పెట్టేసేవాళ్ళేమో. జతచేసిన ఆడియో విన్నాను. విని, కాఫీ చల్లారేదాకా నవ్వాను.

పంపింది స్వరూప. కోరుట్ల దగ్గర అమ్మాయి, బర్ దుబాయ్‌లో ఉంటుంది. పగలు చీరల షాపులో కౌంటర్ చూసేది, వారానికోసారి ఒక హిందీ స్టేషన్‌లో తెలుగు అరగంట నడిపేది. మొదటిసారి ఫోన్ చేసి నన్ను ఆంటీ అంది. ఇంకోసారి ఆంటీ అంటే దరఖాస్తు తిప్పి పంపుతానన్నాను. అప్పట్నుంచి అక్క.

రేడియో పిచ్చి ఎలా పట్టిందని అడిగితే చెప్పింది. వాళ్ళ నాన్న ఆమె చిన్నప్పుడు అబూధాబీ పక్కన ఫ్యాక్టరీలుండే ముసఫ్ఫాలో పనిచేసేవాడట. ఉత్తరం రాయడం రాక, మాటలు క్యాసెట్లో నింపి, ఊరికెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవాడట. "నాయిన మొఖం కన్న ముందుగాల నాయిన గొంతే ఎర్క నాకు" అంది. నేను నమూనా భాగాలు ఎన్ని ఉన్నాయని అడిగాను.

ఆమె తీస్తానన్నది ఒక రేడియో నాటకం, 'యల్లా పోదాం'. యల్లా అంటే అరబ్బీలో పదండి అని. పనివాళ్ళు ఉండే క్యాంపు నుంచి సైటుకి పోయే ఒక కంపెనీ బస్సు, అందులో మనుషులు. హీరో పోశెట్టి. ఎవరికీ కాదనలేని మనిషి. సెలవు మీద ఊరికి పోతున్నాడని తెలియగానే బస్సులో ప్రతివాడూ ఒక మూట తెచ్చిస్తాడు. మా అమ్మకి జండూబామ్, మా బిడ్డకి బొమ్మ, మా బామ్మర్దికి సెంటు సీసా, నీ దారిలోనే కదా. పోశెట్టి సూట్‌కేసు ఉబ్బుతుంది, ప్రయాణం వాయిదా పడుతుంది, నాటకం నడుస్తుంది. ఆ పాత్ర వేసిన నర్సయ్య నిజంగానే స్కాఫోల్డింగ్ కంపెనీలో పనివాడు. స్వరూప ఫ్లాటులో గోడలకి రజాయిలు కట్టి రికార్డు చేశారు.

ఈ నాటకం మీద ఏం ఆధారపడి ఉందో కూడా స్వరూప దాచలేదు. మహమ్మారి దెబ్బకి ప్రకటనలు పోయి, ఆ స్టేషన్ చిన్న భాషలన్నిటినీ ఒక్కొక్కటే తీసేస్తోంది. మిగిలింది తెలుగు. స్టేషన్ ముదీర్, అంటే మేనేజరు, సమీర్ భాయ్ ముంబై మనిషి, చెడ్డవాడు కాదు, లెక్కల మనిషి. నిధి వస్తే నాటకం వేస్తాను, జనం వింటే తెలుగు ఉంటుంది, వినకపోతే ఖలాస్ అని తేల్చి చెప్పాడు. తెలుగు పోతే స్వరూపకి చీరల షాపే మిగులుతుంది.

కమిటీలో వాదన జరిగింది. ఇంగ్లీషు ఇలా రాసినవాళ్ళు నాటకం ఏం తీస్తారని ఒక పెద్దాయన అన్నారు. నేను ఆడియో వేశాను. ఆయనకి తెలుగు రాదు, హిందీ ముక్కలకే నవ్వారు. సొమ్ము మంజూరైంది. ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. దరఖాస్తు బాగా రాయడం ఒక విద్య, కార్యక్రమం బాగా తీయడం ఇంకో విద్య. రెండూ ఒకరికే వస్తే అదృష్టం. మొదటిది మాత్రమే వచ్చినవాళ్ళు నా కాలంలో చాలా సొమ్ము పట్టుకుపోయారు. అడ్డుకోబోతే, మార్కులు మార్కులే అన్నారు.

శుక్రవారం

స్టేషన్ ఇచ్చిన సమయం శుక్రవారం పొద్దున. మేమందరం భేష్ అన్నాం. శుక్రవారం సెలవు, మనుషులు క్యాంపు గదుల్లో బట్టలు ఉతుక్కుంటూ, కోడికూర వండుకుంటూ తీరిగ్గా ఉంటారు. ఇంతకంటే మంచి వేళ ఏముంది? ఇన్నేళ్ళుగా ఈ దేశంలో ఉన్న మా అందరికీ శుక్రవారమంటే ఆదివారమే. ఒంట్లో ఇంకిపోయింది.

ఈలోగా 2022 మొదట్లో దేశం వారాంతం మార్చింది. శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం సగం పూట పని. మా ఆఫీసులో అందరూ దాని గురించే మాట్లాడుకున్నాం, పిల్లల బళ్ళు ఎలా, ఇండియా ఫోన్లు ఎలా అని. స్వరూప నాటకం సంగతి ఒక్కరికీ తట్టలేదు. చాలా కంపెనీలు క్యాంపుల సెలవుని కూడా ఆదివారానికి జరిపాయి. నాటకం మొదలయ్యేసరికి, శుక్రవారం పొద్దున మా శ్రోతలు పరంజాల మీద ఉన్నారు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే సేఫ్టీ ఆఫీసర్ ఇంటికి పంపిస్తాడు.

మొదటి భాగం పోయింది. రెండోది, మూడోది పోయాయి. నాటకం చివర స్వరూప తియ్యగా, మీ మాట వాయిస్ మెసేజ్ పెట్టండి అన్నలారా అనేది. ఒక్క అన్న పెట్టలేదు.

కుక్కర్ విజిల్

ఆ తర్వాత ఉన్నట్టుండి మెసేజ్‌లు వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, పొలోమని. స్వరూప నాకు పంపింది. సంతోషంగా చెవికి పెట్టుకున్నాను. అన్నీ ఆడగొంతులు. "నమస్కారమండీ, మన లేబర్ సోదరుల కష్టసుఖాలు చాలా చక్కగా చూపిస్తున్నారండీ" అని ఒకావిడ అంటోంది. వెనకాల కుక్కర్ మూడు కూతలు కూసింది. ఆ గొంతు నాకు తెలుసు. ఆ కుక్కర్ కూడా తెలుసు. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మా పై ఫ్లాటు భ్రమరాంబ గారు. అంత గట్టి గొంతూ అంత గట్టి విజిలూ మా వీధిలో ఇంకొకరికి లేవు.

ఫోన్ చేశాను. ఇవి ఎక్కడివే అంటే, లిజనర్లయి అక్కా అంది.

"భ్రమరాంబ గారు ఏ క్యాంపులో ఉంటున్నారమ్మా ఇప్పుడు?"

అవతల ఏడుపు వినబడింది. ఇక్కడి తెలుగు అసోసియేషన్ ఆడవాళ్ళ గ్రూపులో సాయం అడిగిందట. వాళ్ళు నిజంగా ప్రేమతోనే పెట్టారు, ఒక్కరు కూడా నాటకం వినలేదు. "ఈ నెల చూసి బంద్ పెడ్తనన్నడు అక్కా సమీర్ భాయ్. ఒక్క మెసేజ్ చూపియ్యకుంటే నన్నేం జెయ్యమంటవ్?" అంది.

నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. మనవాళ్ళకి ఇదొక జబ్బు. మంచి పని పడిపోతోందంటే ఎందుకు పడిపోతోందో చూడరు, నలుగురూ చేరి పడలేదని చెబుతారు. ఏడిస్తే స్లాటు రాదు, రేపు పొద్దున వచ్చి మేవ్‌కి నీ నోటితో నువ్వే చెప్పు అన్నాను. గుర్రాలవాడి కథ కూడా చెప్పాను. అతను ఎండ గురించి చెప్పాడు గానీ నేను అబద్ధం గురించి చెప్పాలి కదా అంది. నిజమే. అయినా రమ్మన్నాను.

వచ్చింది. మొత్తం చెప్పింది. మేవ్ టీ తాగుతూ విని, ఆ మెసేజ్ వేయమంది. వెనకాల ఆ చప్పుడేమిటని అడిగింది. పప్పు ఉడుకుతోందన్నాను. నవ్వింది. వెంటనే కప్పు కింద పెట్టింది.

"వీటిని నివేదికలో రాశావా?"

"ఇంకా రాయలే మేడం."

"అయితే ఇది ఇంకా మోసం కాలేదు. వాళ్ళు ఎందుకు వినడం లేదో పోయి చూద్దాం."

పిల్లలూ, నాకు చాలామంది బాసులు దొరికారు. తప్పు కనబడగానే ఫైలు మూసేవాళ్ళు ఎక్కువ. తప్పు కనబడ్డాక బయల్దేరేవాళ్ళని నేను ఒక్కరినే చూశాను.

పొద్దున బస్సు

అప్పటికి స్వరూప దగ్గర కొత్త ఉపాయం ఒకటి తయారుగా ఉంది. పొద్దునపూట బస్సులో వేద్దాం అక్కా, నాటకమే బస్సు గురించి కదా, బస్సులోనే వింటారు అంది. నాకూ బాగా నచ్చింది. తెల్లవారకముందు వేళ కాబట్టి మా నియమం ఒప్పుకోదు. మేవ్ తన కళ్ళతో చూసి, బాగుంటే మినహాయింపు అడుగుతానంది. నర్సయ్య కంపెనీవాళ్ళ అనుమతితో ముసఫ్ఫా క్యాంపు దగ్గర ముగ్గురం వాళ్ళ బస్సెక్కాం.

మనుషులు వరసగా ఎక్కారు. ఎక్కినవాడు ఎక్కినట్టే టోపీ మొహం మీదికి లాక్కున్నాడు. బస్సు క్యాంపు గేటు దాటకముందే అందరూ నిద్రపోయారు. స్వరూప డ్రైవర్ దగ్గరికెళ్ళి రేడియో పెట్టమంది. ఆయన ఖాన్ భాయ్ అనే పఠాన్. అద్దంలోంచి వెనక్కి ఒకసారి చూసి, "సోనే దో బెహన్" అన్నాడు. పడుకోనీ చెల్లీ అని. నర్సయ్య, మా నాటకం హీరో, మేవ్ పక్క సీట్లోనే నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు. ఆవిడ నా చెవిలో మెల్లగా, "జనం మెలకువగా ఉండి వినే వేళ" అని మా నియమాన్ని అప్పజెప్పింది. నేను నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాను.

సాయంత్రం అదే బస్సు తిరుగు ప్రయాణంలో మళ్ళీ ఎక్కాం. పొద్దుటి మనుషులేనా అనిపించింది. ఒకడు ఇంటికి ఫోన్ చేస్తున్నాడు, ఇంకొకడు నారింజ వలిచి పంచుతున్నాడు, ఈ రోజు కూర ఎవడి వంతని ఇద్దరు కొట్లాడుతున్నారు. తెలుగువాళ్ళు, బీహారువాళ్ళు, బంగ్లావాళ్ళు అంతా కలిసే ఉన్నారు. వాళ్ళందరి మీదుగా ఖాన్ భాయ్ రేడియో మోగుతోంది. స్వరూప స్టేషనే. సాయంత్రం హిందీ షో.

స్వరూప నా చెయ్యి పట్టుకుంది. "వీళ్ళు మన అరగంట కాడికి రారు అక్కా. మనమే ఈ షోలకు పోవాలె" అంది.

సమీర్ భాయ్ ఒప్పుకున్న తీరు

చెప్పినంత తేలిక కాదు. సాయంత్రం షో అంటే ఆ స్టేషన్‌కి అన్నం పెట్టే షో. ప్రకటనలన్నీ అందులోనే. సమీర్ భాయ్ మా ముందే తల పట్టుకున్నాడు. "డ్రైవ్ టైం మే తెలుగు? లోగ్ చానెల్ బదల్ దేంగే, మేడం" అన్నాడు. జనం స్టేషన్ మార్చేస్తారని ఆయన భయం. అందులో అన్యాయమేమీ లేదు, అందరి జీతాలూ ఆయన నెత్తిన ఉన్నాయి. నిధి ఏ స్టేషన్‌నీ ఆజ్ఞాపించలేదు. ఆజ్ఞాపించకూడదు కూడా. ప్రజల సొమ్ము చేతిలో ఉందని స్టేషన్లను దబాయించే ఆఫీసర్లని చూశాను. వాళ్ళు వేయించిన కార్యక్రమాలు వాళ్ళతోపాటే పోయాయి.

స్వరూప దబాయించలేదు. అరగంట నాటకాన్ని ఒక పాటంత ముక్కలుగా కోస్తానంది. రోజుకో ముక్క, రెండు హిందీ పాటల మధ్య. ఎయిర్‌పోర్టు ఆఫీసర్, బస్సు డ్రైవర్ హిందీలో మాట్లాడతారు, పోశెట్టి తెలుగులో మాట్లాడతాడు, బస్సులో నిజంగా మాట్లాడుకునేట్టే. ఒక్క వారం చూడండి భాయ్, నచ్చకపోతే నేనే ఆపేస్తానంది. ఆయన, ఒక్క వారం అన్నాడు.

ఇక మా కమిటీ. అరగంట కార్యక్రమానికని సొమ్మిచ్చాం, ఇప్పుడు ముక్కలంటారేమిటి అన్నారు ఒకరు. తెలుగని చెప్పి కిచిడీ చేస్తున్నారు అన్నారు ఇంకొకరు. స్వరూప శుక్రవారం సంగతీ, భ్రమరాంబ గారి సంగతీ కూడా దాచకుండా చెప్పింది. ఈ ఒక్క గదిలో కాదంటే ఆమె అరగంటతోపాటు గల్ఫ్ రేడియోలో మన మాట కూడా పోతుంది. చివర్న మేవ్ ఒక్కటే అడిగింది, మా సాయం లేకపోతే ఇది జరుగుతుందా అని.

"జరగది మేడం. జరిగేదుంటే ఇన్ని మాటలు పడుకుంట మీ కాడికెందుకొస్త?" అంది స్వరూప, తెలుగులోనే. నేను ఇంగ్లీషులో చెప్పాను.

ఒప్పుకున్నారు. అందరూ కాదు, ఎక్కువమంది.

ఆ వారంలో మెసేజ్‌లు వచ్చాయి. నేను మళ్ళీ అనుమానంగానే విన్నాను. ఈసారి వెనకాల కుక్కర్లు లేవు. బస్సు హారన్లు, క్యాంపు వంటగదిలో గిన్నెల మోత, ఎవడో ఎవణ్ణో తిట్టడం ఉన్నాయి. ఒక బీహారు అతను హిందీలో అడిగాడు, ఇంతకీ పోశెట్టి ఊరికి చేరతాడా లేదా, మా రూములో పందెం కట్టాం అని. ఆ మెసేజ్‌ని సమీర్ భాయ్ తనే స్టేషన్ మీటింగులో వేసి వినిపించాడట. వారం నెలయింది, నెల ఏడాదయింది. మా నిధి గడువు ముగిశాక స్టేషన్ తన సొంత ఖర్చుతో నడిపింది. ఈ ఉద్యోగంలో గెలుపు అంటే అదే. మీరు చెయ్యి తీసేశాక నిలబడాలి. స్వరూప చీరల షాపు మానేసింది. శుక్రవారం అరగంట మళ్ళీ రాలేదు. దాన్ని తలుచుకుని ఎవరం ఏడవలేదు.

సిగ్నల్ దగ్గర

నేను రిటైరయ్యాను. మేవ్ వాళ్ళ దేశానికి వెళ్ళిపోయింది, అప్పుడప్పుడు ఫోన్ చేసి పోశెట్టి ఎలా ఉన్నాడని అడుగుతుంది. వాళ్ళ ఊరి రేడియోలో కూడా ఇలా ముక్కలు చేసి చూడమని ఎవరికో చెప్పిందట. ఐర్లాండ్ నుంచి వచ్చిన పద్ధతి మా ముసఫ్ఫా బస్సులో మరమ్మతై మళ్ళీ ఐర్లాండ్ వెళ్ళిందన్నమాట. నాకు అది ఎంతో గర్వంగా ఉంటుంది, పైకి చెప్పను.

మొన్నామధ్య కారు ఏసీ పాడైతే ముసఫ్ఫాలో గ్యారేజీకి తీసుకెళ్ళాను. బాగుచేయించుకుని సాయంత్రం తిరిగొస్తున్నాను. సిగ్నల్ పడింది. రేడియోలో 'యల్లా పోదాం' ముక్క మొదలైంది. ఎన్నాళ్ళకో పోశెట్టి ఎయిర్‌పోర్టు చేరాడు. సూట్‌కేసు బరువు ఎక్కువైంది. అందరి సామాన్లూ ఉంచి, తన బట్టలూ వాళ్ళు పంపిన బట్టలూ తీసి, ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, తప్పటడుగులు వేస్తూ నడుస్తున్నాడు. ఆఫీసర్ ఆపి, ఏమిటయ్యా ఆ నడక అని హిందీలో గద్దించాడు.

"చార్ ప్యాంట్ హై సాబ్" అన్నాడు పోశెట్టి. "అందుల ఒక్కటే నాది."

నేను పక్కున నవ్వాను. అదే క్షణంలో నా కుడి పక్కన ఏదో కదిలినట్టయి తల తిప్పాను. ఒక కంపెనీ బస్సు ఆగి ఉంది. అద్దాలు మూసి ఉన్నాయి, ఏమీ వినబడటం లేదు. బస్సు బస్సంతా నవ్వుతోంది. ఒకడు ముందు సీటు మీద తల ఆనించి నవ్వుతున్నాడు, వెనకాల ఒకడు పక్కవాడి వీపు చరుస్తున్నాడు, డ్రైవర్ స్టీరింగ్ మీద కొడుతున్నాడు. విమానాశ్రయంలో నాలుగు ప్యాంట్లు తొడుక్కోనివాడు ఆ బస్సులో ఒక్కడైనా ఉండి ఉండడు.

కిటికీ పక్కన కూర్చున్న మనిషి నన్ను చూశాడు. నేను ఒక్కదాన్నే కారులో కూర్చుని నవ్వుతున్నానని చూసి, ఒక్క క్షణం అర్థం కాక ఆగాడు. తర్వాత, నేనూ అదే వింటున్నానని అర్థమైంది. చెయ్యి అద్దానికి ఆనించి నాలుగు వేళ్ళు చూపించాడు.

నేను ఒక వేలు చూపించాను.